హాలోవీన్ అలంకరణలకు ఉన్ని ఫెల్ట్ షీట్లు: ఖరీదు ఎక్కువైనా ఇవే

గుమ్మడికాయలు, పండుటాకుల తోరణం కుట్టాలంటే 1 మి.మీ. మందం ఉన్ని ఫెల్ట్ (నేయకుండా, ఉన్ని పీచును అదిమి చేసే గుడ్డ) చాలా బాగుంటుంది. కత్తెరకు శుభ్రంగా తెగుతుంది, అంచులు పీచు లేవవు. పలుచటి యాక్రిలిక్ షీటు చవకే గానీ, పాలిస్టర్ దూది కూరగానే సాగి, సూది రంధ్రాలు పెద్దవై దూది బయటికొస్తుంది. వేడి ఇస్త్రీ తగిలిందా, కరిగిపోతుంది కూడా.

గుమ్మడికాయకు 6 తొనలు కత్తిరించి, అంచుకు 3 మి.మీ. లోపల బ్లాంకెట్ కుట్టు (అంచును చుట్టుకుంటూ పోయే కుట్టు) వేయండి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు పోగులు చాలు. దూదిని కొంచెం కొంచెంగా మూలల నుంచి నింపాలి. ముద్దగా తోస్తే గడ్డలు కడుతుంది. ఆకుకు ఈనెలు ముందు కుట్టి, తర్వాతే వెనక పొర కలపండి, ముడులు లోపలే దాగుతాయి. నీళ్లలో మాత్రం నానబెట్టొద్దు: ఉన్ని ముడుచుకుపోతుంది, ముదురు ఎరుపు పక్క రంగులకు అంటుకోవచ్చు.