సారవాక్‌లో కొయ్య పిట్ట కోసం

అందరూ బోర్నియోకు ఒరాంగుటాన్ కోసం వెళ్తారు. నేను వెళ్లింది ఒక కొయ్య పిట్ట కోసం. బోర్నియో దీవిలోని మలేషియా రాష్ట్రం సారవాక్‌లో ఉండే ఇబాన్ తెగవాళ్లు, ముక్కు మీద కొమ్ము ఉండే హార్న్‌బిల్ అనే పెద్ద పక్షిని కెన్యాలాంగ్ అంటారు, చెక్కిన బొమ్మకూ అదే పేరు. ముక్కు మీది కొమ్మును అసలు పక్షికి లేనంతగా చుట్టలు తిప్పి చెక్కి, రంగులు వేస్తారు. తలల వేట సాగిన రోజుల్లో గవాయ్ కెన్యాలాంగ్ పండగ చేసి, నైవేద్యం పెట్టి, దీన్ని పొడవాటి స్తంభం మీద శత్రువుల వైపు ముక్కు ఉండేలా నిలిపేవారు. దాని ఆత్మ ఎగిరి వెళ్లి వాళ్లను దెబ్బతీస్తుందని నమ్మకం.

సారవాక్ రాజధాని కూచింగ్‌లో 2022లో తెరిచిన బోర్నియో కల్చర్స్ మ్యూజియం ఐదంతస్తులు. విదేశీయులకు టికెట్ ఎక్కువే గానీ దండగ కాదు, సగం రోజు పెట్టుకోండి. చెక్కడం పనితనం తీరిగ్గా చూడొచ్చు. కాకపోతే ఆకాశంలోకి తలెత్తి చూడాల్సిన పిట్టను ఏసీ గదిలో చూస్తే భయం వేయదు, ముచ్చటేస్తుంది.

శాంతుబోంగ్ కొండ కింద 17 ఎకరాల్లో ఉన్న సారవాక్ కల్చరల్ విలేజ్‌లో ఇబాన్ లాంగ్‌హౌస్, అంటే చాలా కుటుంబాలు ఒకే కప్పు కింద ఉండే పొడవాటి ఇల్లు, ఉంది, నాట్యాలూ ఉంటాయి. పిల్లలతో వెళ్తే ఇది చాలు.

మనసుకు పట్టింది మాత్రం బతాంగ్ ఆయ్ ప్రాంతంలోని అసలు లాంగ్‌హౌస్. కూచింగ్ నుంచి నాలుగైదు గంటల రోడ్డు, ఆపైన జలాశయంలో పడవ. పడక రువాయ్‌లో, అంటే లాంగ్‌హౌస్ పొడవునా ఉండే ఉమ్మడి వసారాలో, పరుపూ దోమతెరా వేసి. రాత్రంతా కోళ్ల గోల, నిద్ర తక్కువే. శాకాహారం చెప్పామన్న ట్రావెల్ ఏజెంటు చెప్పనేలేదు. ఆ ఇంటి పెద్దమ్మే రొయ్యల ముద్ద వేయకుండా మిదిన్ అనే ఫెర్న్ చిగుళ్లు వేయించి పెట్టింది. ఆ ఒక్క కూర కోసం మళ్లీ వెళ్లొచ్చు. తువాక్ అనే బియ్యపు కల్లు ఇస్తారు, వద్దనుకుంటే గ్లాసును వేలితో తాకి పెదవికి ఆనిస్తే చాలన్నారు.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. వాళ్ల యుద్ధదేవుడు సెంగలాంగ్ బురోంగ్ కనిపించేది హార్న్‌బిల్‌గా కాదు, ఎర్రటి ఒళ్లు, తెల్లటి తల ఉన్న గద్దగా. మనం గరుడ పక్షి అని దణ్ణం పెట్టుకునేది దానికే!

కూచింగ్ మెయిన్ బజార్‌లో కొయ్య బొమ్మలు దొరుకుతాయి, బేరం ఆడొచ్చు. అసలు హార్న్‌బిల్ ముక్కులు, ఈకలు ఎవరైనా చూపిస్తే మాత్రం తాకకండి, అది రక్షిత పక్షి. నేను జానెడు కొయ్య పిట్ట తెచ్చుకున్నాను. ముక్కు ఎదురింటి వైపు పెడితే బాగుండదని, ప్రస్తుతానికి గోడకు తిప్పి పెట్టాను.