‘సీరియల్లో పిల్లలు తొడిగిన గౌన్లు’ అని చెప్పి అమ్ముతున్నారు: డబ్బు కట్టే ముందు చదవండి

బ్రిటన్‌లో ఉంటూ పిల్లల కోసం 1950ల నాటి దుస్తులు, ముఖ్యంగా ‘ది డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే’ సీరియల్లో వాడినవని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న గౌన్లు కొనాలనుకుంటున్న తెలుగువారందరూ జాగ్రత్తపడాలని ఈ హెచ్చరిక రాస్తున్నాను. గత వేసవిలో అలాంటి రెండు గౌన్లకు నేను 190 పౌండ్లు చెల్లించాను. వచ్చినవి యాభైల నాటివి కావు, ఆ సీరియల్లోవి అనడానికి ఆధారమూ లేదు.

యుద్ధం ముగిసిన తరువాతి కెంట్ పల్లెటూళ్లో నిశ్చింతగా బతికే లార్కిన్ కుటుంబం కథ అది. హెచ్. ఇ. బేట్స్ 1958లో రాసిన నవల ఆధారంగా యార్క్‌షైర్ టెలివిజన్ తీయగా, 1991 నుంచి 1993 వరకు ఐటీవీలో ప్రసారమైంది. డేవిడ్ జేసన్, పామ్ ఫెర్రిస్ తల్లిదండ్రులుగా, కేథరిన్ జీటా-జోన్స్ పెద్ద కూతురు మారియెట్‌గా నటించారు. ఆ ఇంట్లో జిన్నియా, పెటూనియా అని కవల ఆడపిల్లలుంటారు. మాకూ కవల ఆడపిల్లలే. బడిలో యాభైల నాటి వేషం వేసుకుని రమ్మని చీటీ పంపిన వారంలోనే ‘కవలలు తొడిగిన జత’ అన్న ప్రకటన కంటబడేసరికి, బజారులో వంకాయలు సైతం తిప్పి తిప్పి చూసి కొనే నేను, ఒక్క ప్రశ్న కూడా సరిగ్గా అడగకుండా కొనేశాను.

ఇప్పుడు ఆ ప్రకటనను మళ్లీ చదివితే మోసం మాటల్లోనే కనిపిస్తోంది. యాభైల్లో నిజంగా కుట్టిన పాత గౌను ఒకటి, ఆ కాలపు నమూనాలో నిన్నమొన్న కుట్టిన గౌను మరొకటి, సీరియల్ కోసం 1991 ప్రాంతంలో కుట్టించిన గౌను ఇంకొకటి. ఈ మూడింటి ధరల మధ్య నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. అమ్మకందారు శీర్షికలో ‘అసలైన 1950ల గౌను’ అని, వివరణలో ‘ఆనాటి తరహా’ అని, చివర ‘సీరియల్ దుస్తుల విభాగం నుంచి వచ్చినట్టు మాకు చెప్పారు’ అని రాశారు. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో లేదు. ఇలా మూడు మాటలు మూడు చోట్ల ఉన్నప్పుడు మనం మనకు నచ్చినదాన్నే చదువుకుంటాం. తరువాత గొడవ వచ్చినప్పుడు ఆయన తనకు పనికొచ్చేదాన్ని చూపిస్తాడు.

గౌను చేతికి వచ్చిన వెంటనే లోపలి వైపు తిరగేసి చూడండి, ఎందుకంటే బయటి వైపు ఎవరైనా ముస్తాబు చేయగలరు. నాకు వచ్చినవాటి వీపు మీద సన్నని నైలాన్ జిప్పు ఉంది, కానీ యాభైల నాటి పిల్లల గౌన్లకు గుండీలో, టిచ్ బటన్లో, లేకపోతే లోహపు జిప్పో ఉండేది. పక్క కుట్టులో ఏదో పట్టీని కత్తెరతో కోసేసిన మొదలు మిగిలి ఉంది; ఉతికే తొట్టి, ఇస్త్రీ పెట్టె బొమ్మలున్న నేటి పట్టీ అక్కడ ఉండేదని నా అనుమానం. లోపలి అంచు నుంచి ఒక దారం లాగి పళ్లెంలో పెట్టి వెలిగిస్తే, నూలు దారమైతే కాగితం కాలిన వాసనతో బూడిద కావాలి, ఇది మాత్రం కరిగి నల్లని పూసలా గట్టిపడింది. పాలిస్టర్ రకమైన టెరిలీన్ యాభైల్లోనే బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది కాబట్టి ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. గుడ్డ అంచు పీచు రాకుండా దారాలతో చుట్టేసే ఓవర్‌లాక్ కుట్టు కనిపించినంత మాత్రాన కొత్తదని కొట్టిపారేయడమూ పొరపాటే, ఆ యంత్రాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఫ్యాక్టరీల్లో ఉన్నాయి.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మెడ దగ్గర కుట్టిన చిన్న పట్టీ. ముక్క కోసేసిన రెండు గుండ్రాలు, పక్కన 41 అంకె ఉన్న ‘సీసీ41’ ముద్ర దాని మీద ఉంది. యుద్ధకాలంలో ప్రభుత్వం నిర్దేశించిన ధరకు, నాణ్యతకు తయారైన ‘యుటిలిటీ’ వస్త్రాలకు వేసిన ముద్ర అది. బట్టల రేషన్ 1941 జూన్ 1న మొదలై 1949 మార్చి 15న ముగిసింది, యుటిలిటీ పథకం 1952 దాకా సాగింది. 1958 నాటిదని అమ్మిన గౌనుకు ఆ ముద్ర ఎలా వస్తుంది? పైగా అది తళతళలాడే కొత్త శాటిన్ రిబ్బను మీద ఉంది. ఆ ముద్ర ఉంటే రేటు పెరుగుతుందని తెలిసినవాళ్లే దాన్ని అచ్చువేసి కుట్టి ఉంటారని నా నమ్మకం.

ఇంకో విషయాన్ని నేను మొదటే ఆలోచించి ఉండాల్సింది. పల్లెటూరి ఇంట్లో పిల్లల బట్టలు అంత శుభ్రంగా, జతలు జతలుగా డెబ్బై ఏళ్లు ఎలా మిగులుతాయి? అక్కది చెల్లికి, చెల్లిది పక్కింటి పిల్లకు వెళ్లి, చివరికి మసిగుడ్డ అయిపోవడమే వాటి గతి. మిగిలినవి ఎక్కువగా ఆదివారం చర్చికి తొడిగినవో, పండగకు కుట్టించినవో అయి ఉంటాయి. మా అమ్మమ్మ మా పరికిణీలకు అడుగున రెండు మూడు మడతలు పెట్టి కుట్టించి, ఏటా ఒక్కో మడత విప్పేది. విప్పిన చోట ముదురు రంగు గీత ఒకటి మిగిలిపోయేది. ఇంగ్లండ్ తల్లులూ ఎదిగే పిల్లల గౌన్లకు అంచు ఎక్కువగా మడిచి, తరువాత దించేవారు. అందువల్ల నిజమైన పాత గౌనులో అలాంటి గీత, చంకల దగ్గర అరుగుదల, రంగు కాస్త తేడాగా ఉన్న మారు గుండీ, ఇలా ఏదో ఒకటి దొరికే అవకాశం ఎక్కువ. నా రెండు గౌన్లకూ గుండీలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి.

అయితే సీరియల్ కోసం 1991లో కుట్టించిన గౌనుకు నైలాన్ జిప్పు ఉన్నా తప్పు కాదు, బురదలో ఆడే సన్నివేశాల కోసం ఒకే గౌను రెండు మూడు కుట్టించడమూ మామూలే. కాబట్టి కుట్టు పరీక్షలు ‘యాభైల నాటిది’ అన్న మాటను మాత్రమే పరీక్షిస్తాయి. ‘సీరియల్లోది’ అన్న మాటకు కావలసింది వేరే సాక్ష్యం: ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే రసీదులు, ఆపైన తెర మీది బొమ్మతో పోలిక. ప్రింటు గుడ్డను కత్తిరించినప్పుడు కాలరు దగ్గర ఏ పువ్వు ఎక్కడ తెగిందో ప్రతి గౌనుకూ వేరుగా ఉంటుంది కాబట్టి, డీవీడీని ఆపి ఆ చోటు పోల్చి చూడవచ్చు. అమ్మకందారు చెప్పిన భాగాన్ని నేను రెండుసార్లు చూశాను, ఆ ప్రింటు గౌను ఎక్కడా కనిపించలేదు. లోపల పాత్ర పేరు రాసిన పట్టీ ఉందని మాత్రం నమ్మకండి, పది నిమిషాల్లో ఎవరైనా కుట్టగలరు.

ఇక డబ్బు సంగతి. క్రెడిట్ కార్డుతో 100 పౌండ్లు దాటిన వస్తువు కొంటే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. నా రెండు గౌన్లనూ ఆయన వేర్వేరు ప్రకటనలుగా, ఒక్కొక్కటి 95 పౌండ్లకు పెట్టాడు. అది యాదృచ్ఛికమని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. ఆన్‌లైన్‌లో వ్యాపారి దగ్గర కొంటే అందిన నాటి నుంచి 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వద్దనే హక్కు ఉంది. చెప్పినదానికి భిన్నంగా ఉంటే 30 రోజుల్లోగా తిప్పి పంపి పూర్తి సొమ్ము అడగవచ్చు. మామూలు వ్యక్తి దగ్గర కొంటే ఆ 14 రోజుల హక్కు ఉండదు, అందుకే ఆయన ‘మా ఇంటి అటకమీద దొరికాయి’ అన్నాడు. కానీ ఆయన పేజీలో అటువంటివే నలభైకి పైగా ప్రకటనలున్నాయి, లాభానికి క్రమంగా అమ్మేవాడు తనను తాను ఏమని పిలుచుకున్నా చట్టం దృష్టిలో వ్యాపారే. బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన సొమ్మును వెనక్కి రప్పించే పద్ధతి, కోరితే ఆరు వారాలకు ఒక గౌను సొమ్ము తిరిగి వచ్చింది, రెండోదాని మీద వాదన నడుస్తోంది. కొన్నవారికి రక్షణ ఉండని ‘స్నేహితులకు పంపే సొమ్ము’ పద్ధతిలో కట్టమని అడిగితే మాత్రం అక్కడికక్కడే మానుకోండి.

అదే పేజీలో పిల్లల పాత నైటీలు కూడా ఉన్నాయి. నూగు లేపిన నూలు నైటీలకు మంట త్వరగా అంటుకుంటుంది. బ్రిటన్‌లో పిల్లల నైటీలపై 1964లో భద్రతా నిబంధనలు వచ్చాయి. అంతకు ముందువి నిజమైన పాతవే అయినా పిల్లలకు తొడగకండి.

గత వారం అదే ప్రకటన కొత్త పేరుతో మళ్లీ కనిపించింది. తెల్ల గుడ్డ మీద చిన్న ఎర్ర చెర్రీలు, గుండ్రని కాలరు, నీలి రంగు తలుపు ముందు తీసిన ఫోటో, ఆరేళ్ల పిల్లకు సరిపోతుందన్న వివరణ, ధర ఈసారి 98 పౌండ్లు.