మూడేళ్ల తర్వాత వార్మ్ కోన్: పేచీ అంతా ఆ చిల్లులతోనే

చేపలకు మేతగా ట్యూబిఫెక్స్ ఎర్రలు వేయడానికి అక్వేరియం షాపుల్లో అమ్మే, అద్దానికి అంటించుకునే చిల్లుల కోన్‌లో నాకు నచ్చనివి చిల్లులే. సక్షన్ కప్ ఏడాదికల్లా గట్టిపడి అద్దాన్ని వదిలేస్తుంది, కానీ అది ఏ సక్షన్ కప్‌కైనా ఉన్న జబ్బే. వాడింది 90 లీటర్ల ట్యాంక్‌లో: నాలుగు ఏంజెల్ చేపలు, అడుగున తిరిగే ఆరు కోరీ చేపలు, అడుగున రెండంగుళాల గ్రావెల్ (గులకరాళ్లు), బోరు నీళ్లు. గొడవంతా ఈ చివరి రెండింటి వల్లే వచ్చింది.

మొదట్లో ముచ్చటగానే ఉంటుంది. బురదలో తల పాతి, తోక పైకి ఊపుతూ బతికే పురుగు ఇది. సందు దొరికితే దూరిపోతుంది. కోన్‌లో వేసిన ఎర్రలు ఒక్కొక్కటిగా చిల్లుల్లోంచి వేలాడుతుంటే ఏంజెల్స్ కింద నిలబడి లాక్కుంటాయి. అడుగుకు ఏమీ పడదు. కనీసం డిసెంబర్‌లో పడదు.

మే నెలలో లెక్క మారింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఎర్రల ఉండని నేరుగా కోన్‌లో వేస్తే, చలికి ముడుచుకుని రెండు మూడు నిమిషాలు కదలదు. చేపలు కాసేపు చూసి పక్కకు పోతాయి. ఈలోగా 31 డిగ్రీల ట్యాంక్ నీళ్ల వెచ్చదనం తగిలి ఉండ ఒక్కసారిగా విడిపోతుంది. అప్పుడు అన్ని చిల్లుల్లోంచీ ఒకేసారి వాన. నాలుగు ఏంజెల్స్ ఎన్ని తింటాయి? పడినవి నిమిషంలో రాళ్ల మధ్యకు దూరాయి. కోరీలు తవ్వి తింటాయనే ధైర్యం ఎక్కువమందికి ఉంటుంది, నాకూ ఉండేది. అవి తవ్వేది పై అరంగుళమే. కిందున్న అంగుళంన్నర వాటి మూతికి అందదు.

రెండో రోజు మామూలుగానే ఉంది. మూడో రోజు పొద్దున నీళ్లు పాలు కలిపినట్టు మసకబారాయి, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా 2 పీపీఎం. సైఫన్ (నీళ్లు లాగే గొట్టం) పెడితే రాళ్ల కింద నుంచి బూడిదరంగు జిగురు, కుళ్లిన గుడ్డు వాసన. ఎర్రలు తక్కువ ఆక్సిజన్‌లోనూ బతుకుతాయన్న మాట నిజమే. కానీ వేడి గ్రావెల్ కింద, నీళ్లు తిరగని చోట, గుట్టలుగా కూరుకుపోతే అవీ చస్తాయి. పైగా మా బోరు నీళ్ల పీహెచ్ 8. పీహెచ్ 7, 25 డిగ్రీల దగ్గర అమ్మోనియాలో నూటికి ఒక పాలు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8, 30 డిగ్రీల దగ్గర అది ఏడు పాళ్లు దాటుతుంది. పీహెచ్ తక్కువుండే మెత్తటి నీళ్లలో వాడేవాళ్లు 'ఏమీ కాలేదే' అనడానికి కారణం ఇదే. ఒక ఏంజెల్ పోయింది.

ఇలా అయితే చేయాల్సింది: వెంటనే 40 శాతం నీళ్లు, మర్నాడు మరో 40 శాతం మార్చాలి. కొత్తగా పోసేవి ఎప్పుడూ పోసే రకం నీళ్లే, అదే వేడితో ఉండాలి. మంజీరా, కృష్ణా కుళాయి నీళ్లు పోసేవాళ్లు యాంటీ క్లోరిన్ కలపాలి. గ్రావెల్ అంతా ఒకేసారి కెలకొద్దు, రోజుకు మూడో వంతు చొప్పున సైఫన్ చేయాలి. ఎయిర్ స్టోన్ ఇంకొకటి వేయాలి. రెండు రోజులు మేత బంద్. ఫిల్టర్ స్పాంజ్‌ని మాత్రం ముట్టుకోవద్దు.

కోన్ కింద ఒక గాజు గిన్నె పెట్టడంతో ఈ గోల తగ్గింది. నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల లోతు, నున్నటి గోడలు. ఒరగకుండా గ్రావెల్‌లోకి కొంచెం నొక్కితే చాలు. ఫిల్టర్ పావుగంట ఆపితే ఎర్రలు నిటారుగా గిన్నెలోకే దిగుతాయి. మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కోరీలు గిన్నెలో దూరి తింటాయి, మిగిలినవి సన్నటి ఎయిర్ పైపుతో లాగేయొచ్చు.

ఇక ఎర్రల సంగతి. కొనేటప్పుడు కవర్ కుదపండి: బతికున్నవి విడిపోయి నిమిషాల్లో మళ్లీ ఉండ కడతాయి, రంగు ముదురు ఎరుపు. పాలిపోయినవి, నీళ్లు తెల్లబడ్డవి వద్దు. మూసీ ఒడ్డు బురద చూసిన ఊరికి ఈ పురుగు ఎలాంటి చోట పెరుగుతుందో చెప్పక్కర్లేదు, అందుకే కడుపు ఖాళీ అయ్యేదాకా రెండు మూడు రోజులు వేయొద్దు. వెడల్పాటి డబ్బాలో అర అంగుళం నీళ్లు, ఫ్రిజ్ కింది అర, రోజుకు రెండుసార్లు చల్లటి నీళ్ల ధారతో ఉండ విడగొట్టి, పైకి తేలిన మడ్డి వంచేయాలి. లోతైన సీసా వద్దు, అడుగున ఉన్నవి ముందు చస్తాయి. బయటికి కనపడని డబ్బా అయితే ఇంట్లో గొడవ తక్కువ. ఈ పురుగు మోసే విర్లింగ్ డిసీజ్ (చేపలు గిరగిరా తిరిగే జబ్బు) గురించి భయపడేవాళ్లున్నారు. 1984లో దీనితో సంబంధం బయటపడిన ఆ జబ్బు ట్రౌట్ జాతివాటికి, ఏంజెల్స్‌కి కాదు. మన ట్యాంకుల్లో భయపడాల్సింది మురుగు బ్యాక్టీరియాకీ, చచ్చిన ఎర్రలకీ.

ఆ చచ్చిన ఎర్రల దగ్గరే కోన్ నన్ను ఆశ్చర్యపరిచింది. చచ్చింది చిల్లు దాటదు. పావుగంటకు కోన్‌లో బూడిదరంగు జిగురు మిగిలితే ఆ పొట్లం మొత్తం పారేయొచ్చు. ట్యాంక్‌లో ఇది అంత నమ్మకంగా పనిచేయదు, ఫిల్టర్ ధార తగిలితే ఆ జిగురు కూడా కొట్టుకుపోయి నీళ్లలో కలుస్తుంది. అందుకే ఇప్పుడు కోన్‌ని ట్యాంక్ బయట, గ్లాసు నీళ్లలో పెడుతున్నా. బతికున్నవి అడుగుకు దిగుతాయి, చచ్చినవి పైనే ఉంటాయి. అడుగువి డ్రాపర్‌తో తీసి గిన్నెలోకి. ఈలోగా చలీ వదిలిపోతుంది.

ఎర్రలు మొదలుపెట్టాక ఏంజెల్స్ గుడ్లు పెట్టాయని ముందు అందరికీ చెప్పేవాడిని. ఎర్రలు వేసినప్పుడల్లా నీళ్లు ఎక్కువ మార్చాల్సి వచ్చేది కాబట్టి, పుణ్యం ఏ మేరకు దేనిదో ఇప్పుడు తేల్చి చెప్పలేను. వారానికి రెండుసార్లు, ఐదు నిమిషాల్లో ఖాళీ అయ్యేంతే వేస్తున్నా.

గ్రావెల్ లేని ట్యాంక్ ఉండి, పైన తినే గౌరామీలో ఫైటర్లో పెంచేవాళ్లకు కోన్ ట్యాంక్‌లోనే బాగుండొచ్చు. రోజుకు రెండు పూటలా డబ్బా నీళ్లు మార్చే తీరిక లేనివాళ్లకు ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే ఎర్ర పురుగులు) మేలు, కరెంటు కోతలు లేని ఇల్లయితే. నా కోన్ గ్లాసులో ఉన్నంతకాలం నాకు దానితో పేచీ లేదు.