శిలాజాల వెంట వెళ్లాలంటే జియాలజీ మేలా, జువాలజీ మేలా?

బొబ్బిలిలో ఉంటున్న మా మేనకోడలు ఈ ఏడాది బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. "మామయ్యా, నేను శిలాజాలే చదువుతాను. డిగ్రీలో జువాలజీ తీసుకోనా, జియాలజీ తీసుకోనా?" అని అడిగింది. జియాలజీ, అంటే భూగర్భ శాస్త్రం, పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు ఏటా నన్ను ఇదే అడుగుతారు. ఈసారి ఇంటిపిల్లకు చెప్పవలసి వచ్చింది కనుక నిదానంగా ఆలోచించాను.

జువాలజీని తీసిపారేయడానికి లేదు. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర శిలాజాలున్న రాళ్లు సేకరించి, వాటిలో దొరికిన ఒక చిన్న జంతువుకు 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక ఆయన భార్య ఆ రాళ్లను అమెరికాలోని హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. థెవిసెన్ జంతువుల శరీర నిర్మాణాన్ని పరిశోధించే ఆచార్యులు. రాయిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగి, లోపలి చెవి ఎముక కనిపించింది. ఒక పక్క గోడ దళసరిగా, అచ్చం తిమింగిలం చెవిలా ఉంది. తిమింగిలాలకు దగ్గరి చుట్టం ఈ జంతువేనని 2007లో లోకానికి తెలిసింది. ఆ దళసరి అంచు విలువ ఎముకలు చదివినవారి కంటికే ఆనుతుంది. లక్నోలో శిలాజ పరిశోధన సంస్థను నెలకొల్పిన బీర్బల్ సాహ్ని కూడా వృక్షశాస్త్రం నుంచి వచ్చినవారే.

అయినా నా మొగ్గు జియాలజీకే. ఎందుకంటే శిలాజం ఎంత ముఖ్యమో అది దొరికిన పొర అంత ముఖ్యం. రాజమండ్రికి దగ్గర్లో పంగిడి వైపు క్వారీలున్నాయి. అక్కడ లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాతి పొరల నడుమ సున్నపురాయి పొర ఉంటుంది. అందులో గవ్వలు, ఆల్చిప్పలు దొరుకుతాయి. అంటే ఒక లావా ప్రవాహం చల్లారి, ఇంకొకటి వచ్చేలోగా అక్కడ నీళ్లు నిలిచాయి, ఆ నీళ్లలో ప్రాణులు బతికాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట ఇది. డైనోసార్లు అంతరించిన రోజులవి. ఏ పొరలోదో రాసుకోకుండా ఆల్చిప్పను జేబులో వేసుకొచ్చేస్తే మిగిలేది ఆల్చిప్ప మాత్రమే. ఎముకల చదువు తర్వాతైనా పట్టుబడుతుంది. పొరను చదవడం మాత్రం కొన్నేళ్లు ఎండలో తిరిగితే తప్ప రాదు.

మన జిల్లాల కొండల్లో శిలాజాలు దొరకవు. ఇవి ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు. భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపమే మారిపోయినవి. వీటి వయసు జంతువుల పుట్టుక కంటే ఎక్కువ. ఈ మాట వినగానే మా పిల్ల ముఖం చిన్నబోయింది. ప్రహరీగోడ నుంచి ఊడిపడ్డ ఖోండలైట్ ముక్క ఒకటి చేతిలో పెట్టాను. తడిపితే దానిమ్మ గింజల్లా ఎర్రటి గార్నెట్లు తేలాయి. ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి అని, ఆ మట్టే ఉడికి ఈ గింజలు పుట్టాయని చెబితే చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. రాయిని ప్రశ్నించే అలవాటు ఇంటి గోడ దగ్గరే మొదలుపెట్టవచ్చు.

బతుకుతెరువు మాటకొస్తే, భారత భూగర్భ సర్వేలో జియాలజిస్టు ఉద్యోగానికి యూపీఎస్సీ పెట్టే పరీక్ష రాయాలంటే భూగర్భ శాస్త్రంలో పీజీ ఉండాలి. జువాలజీ పీజీతో ఆ తలుపు తెరుచుకోదు. ఐఐటీల్లో జియాలజీ ఎమ్మెస్సీకి కూడా చాలాచోట్ల డిగ్రీలోనే ఆ సబ్జెక్టు అడుగుతారు. చమురు బావుల తవ్వకంలో పైకొచ్చే రాతిపొడిలో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను సూక్ష్మదర్శినిలో చూసి పొర వయసు చెబుతారు. అదీ శిలాజ శాస్త్రమే. పరిశోధనలో చోటు దొరకకపోతే గరివిడి వైపు మాంగనీసు గనులున్నాయి, టెక్కలి వైపు గ్రానైటు క్వారీలున్నాయి. తల్లిదండ్రుల బెంగకు నేను చెప్పగలిగిన జవాబు ఇదే.

ఆర్కియాలజీ అయితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. అది మనుషులు వదిలివెళ్లిన వస్తువుల చదువు, దారి వేరు. విదేశాల్లో డిగ్రీ ఖర్చు మన ఇళ్లలో మోయలేనిది. పీహెచ్‌డీ నాటికి చూసుకోవచ్చు.

జియాలజీ ప్రతి ఊళ్లోనూ ఉండదు. బైపీసీ వారిని చేర్చుకుంటారో లేదో కళాశాలలో ముందే అడగాలి. మేము అడిగాం, విశాఖలో దరఖాస్తు పెట్టాం. ఇంటర్ జువాలజీ పుస్తకాలను మాత్రం పాత పేపర్లవాడికి వేయవద్దని మా చెల్లెలికి గట్టిగా చెప్పి వచ్చాను. అస్థిపంజరం బొమ్మలున్న పేజీలతో పిల్లకు మళ్లీ పని పడుతుంది.