జీపీ ప్రాక్టీస్ ఫార్మసిస్టులకు సీపీపీఈ శిక్షణ: ఎక్కడ గట్టి, ఎక్కడ పలచన

ఇంగ్లండ్‌లో జీపీల (ఫ్యామిలీ డాక్టర్ల) దగ్గర ఫార్మసిస్టులను కూర్చోబెట్టడం 2015లో పైలట్ పథకంగా మొదలైంది. 2019లో ప్రైమరీ కేర్ నెట్‌వర్కులు (ఇరుగుపొరుగు జీపీ ప్రాక్టీసుల బృందాలు) ఏర్పడ్డాక ఫార్మసిస్టుల జీతం ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ భరించసాగింది. దాంతో పాటే, గుర్తింపు ఉన్న శిక్షణ పూర్తిచేసి ఉండాలి, లేదా అందులో చేరి ఉండాలి అన్న షరతూ వచ్చింది. ఈ షరతు కింద ఎక్కువమంది చేరింది మాంచెస్టర్ యూనివర్సిటీలోని ఫార్మసీ శిక్షణ కేంద్రం సీపీపీఈ నడిపే పాత్‌వేలో (కోర్సులో). వ్యవధి 18 నెలలు. అందులో 28 రోజులు చదువుకు, మిగతాదంతా ఉద్యోగం చేస్తూ నేర్చుకోవడమే.

మందుల సమీక్ష విషయంలో ఈ కోర్సుకు వంక పెట్టలేం. మందుల షాపు కౌంటర్ దగ్గర అలవడని చూపు ఇక్కడ పట్టుబడుతుంది. ఒక కేసు తీసుకోండి: 82 ఏళ్ల మహిళ, బరువు 52 కిలోలు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) లీటరుకు 90 మైక్రోమోల్స్. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (గుండె లయ తప్పడానికి) రక్తం గడ్డకట్టకుండా చూసే రివరాక్సబాన్ 20 మిల్లీగ్రాములు వాడుతోంది. ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) 51 దాకా ఉంటుంది కాబట్టి డోసు సరిపోయిందనిపిస్తుంది. కానీ ఇక్కడ చూడాల్సింది బరువునూ లెక్కలోకి తీసుకునే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క. 140లోంచి వయసు తీసేసి, బరువుతోనూ, ఆడవాళ్లకైతే 1.04తోనూ గుణించి, క్రియాటినిన్‌తో భాగిస్తే వచ్చేది 35. యాభై కంటే తగ్గితే డోసు 15 మిల్లీగ్రాములే. రికార్డులో మూడేళ్ల నాటి బరువు ఉంటే ఈ లెక్క కూడా తప్పుతుంది, కాబట్టి ముందు బరువు తూయించాలి.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కూడా ఇలాంటిదే. వారానికి ఒక్కసారే, 2.5 మిల్లీగ్రాముల మాత్రలే. డోసు కుదురుకున్నాక కనీసం 12 వారాలకోసారి రక్తపరీక్ష. పరీక్ష లేకుండా రిపీట్ (మళ్లీ మళ్లీ ఇచ్చే) ప్రిస్క్రిప్షన్ మీద సంతకం పెట్టకూడదు. అలాగని ఫోన్ కూడా చేయకుండా మందు ఆపేయకూడదు. హాస్పిటల్ డిశ్చార్జి ఉత్తరాల్లో ఇంకో చిక్కు. కిడ్నీ దెబ్బతిందని వార్డులో ఆపిన బీపీ మందు రామిప్రిల్‌ను ప్రాక్టీస్ కంప్యూటర్ రికార్డు ఈఎంఐఎస్‌లోని రిపీట్ లిస్టులోంచి ఎవరూ తీయకపోతే, వచ్చే నెల మళ్లీ ఇంటికొచ్చేస్తుంది.

శారీరక పరీక్ష నేర్పే భాగం మాత్రం పలచన. ఊపిరితిత్తులు వినడం క్లాసులో కొన్ని గంటలు నేర్చుకుంటే వచ్చే విద్య కాదు. పక్కన జీపీ ఉండి పదిమంది రోగులను విననివ్వకపోతే చెయ్యి మర్చిపోతుంది.

అసలు ఇరుక్కునేది అసెస్‌మెంట్ల దగ్గర. మినీ-సీఈఎక్స్‌కు (రోగిని చూసే తీరుపై అంచనాకు) ఎవరో ఒకరు కన్సల్టేషన్‌లో పక్కన కూర్చుని చూడాలి. కేస్ డిస్కషన్‌కు సమయం ఇవ్వాలి. క్లినికల్ సూపర్‌వైజరైన జీపీకి ఒక్కో రోగికి పది నిమిషాల చొప్పున క్లినిక్ నిండిపోతే ఆ సమయం ఎక్కడిది? చాలామంది వీటిని చివరి నెలలకు నెట్టి అల్లాడతారు. మొదటి నుంచీ నెలకొకటి చొప్పున ముగించుకోవడం మేలు.

ఈ కోర్సుతో మందులు రాసే అధికారం రాదు. ఇండిపెండెంట్ ప్రిస్క్రైబింగ్ వేరే కోర్సు, అందులో అనుభవం ఉన్న ప్రిస్క్రైబర్ పర్యవేక్షణలో 90 గంటలు పనిచేయాలి. మన దగ్గర బి.ఫార్మసీ చేసి, ఓఎస్‌పాప్ (విదేశీ ఫార్మసిస్టుల కోర్సు), 52 వారాల శిక్షణ, జీపీహెచ్‌సీ (బ్రిటన్ ఫార్మసీ నియంత్రణ సంస్థ) పరీక్ష దాటినవాళ్లు ఈ సంగతి తెలిసే లెక్కలు వేసుకోవాలి. క్లినికల్ డిప్లొమా, ప్రిస్క్రైబింగ్ రెండూ ఉన్న హాస్పిటల్ ఫార్మసిస్టులు అంతా మళ్లీ చదవక్కర్లేదు, మినహాయింపు అడగవచ్చు.

ఉద్యోగానికి ఒప్పుకునే ముందు ప్రాక్టీస్ మేనేజర్‌ని అడగండి: సూపర్‌వైజర్ ఎవరు, డీబ్రీఫ్ (చూసిన కేసులు సూపర్‌వైజర్‌తో చర్చించే) సమయం రోటాలో ఉందా, 28 రోజులూ కాంట్రాక్టులో రాసిస్తారా? "చూద్దాం" అంటే, ఇంకో ప్రాక్టీస్ చూసుకోండి.