హావ్‌లాక్‌లో ఆటో కన్నా బస్సు నయం

అండమాన్ వెళ్ళేవాళ్ళకు ఒకటే చెప్తాను. హావ్‌లాక్‌లో రానుపోను ఆటో మాట్లాడుకోకండి. కోపంతోనే రాస్తున్నాను.

2018 చివర్లో ఈ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, అక్కడ అందరి నోటా ఇంకా హావ్‌లాకే. బీచ్‌లకు నంబర్లే గుర్తు. ఓడ దిగేది ఒకటో నంబర్, బజారు మూడు, హోటళ్ళు ఎక్కువగా ఐదు, అందరూ ఎగబడే రాధానగర్ ఏడు. బజారు దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి తూర్పు తీరం వెంట కాలాపత్థర్ బీచ్‌కు, రెండోది అడవిలోంచి రాధానగర్‌కు. దారి తప్పడానికేం లేదు. కాకపోతే రాధానగర్ పది కిలోమీటర్ల పైమాటే, ఆటోవాళ్ళ ధీమా అంతా అదే.

హోటల్ వాళ్ళే ఆటో పిలిపించారు. తీసుకెళ్ళి, అక్కడే ఆగి, తిరిగి దింపితే వెయ్యి అని మాట. రాధానగర్ పడమటి తీరం కాబట్టి సూర్యాస్తమయం అక్కడే చూడాలి. అండమాన్‌లో ఆరు లోపే పొద్దు గూకిపోతుంది. అత్తయ్యగారు చెప్పులు చేత్తో పట్టుకుని అలల్లో నడుస్తుంటే, సూర్యుడు ఇంకా నీళ్ళు తాకకముందే ఆటో అతను వచ్చి "చలో చలో" అని మొదలుపెట్టాడు. ఇంకాసేపు ఉంటే వెయిటింగ్‌కు మూడు వందలట. సరేనన్నాం. తీరా చీకటి పడ్డాక గేటు బయటికొస్తే ఆటో లేదు! ఇంకో గిరాకీని ఎక్కించుకుని వెళ్ళిపోయాడట. బావమరిది ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరిగాడు, సిగ్నల్ రాలేదు. మిగిలిన ఒకే ఒక్క ఆటో అతను ఎనిమిది వందలు అడిగాడు. రాత్రి రేటట. అప్పటికి ఆరున్నర కూడా కాలేదు. ఎక్కక ఏం చేస్తాం.

అసలు కథ ఆ తర్వాత. మొదటి ఆటో అతను హోటల్‌కే వచ్చి తన వెయ్యి అడిగాడు. మేనేజర్ కూడా "పాపం, పోనీ ఇచ్చేయండి సార్" అంటూ అతని వైపే మాట్లాడాడు. వాదించి వాదించి ఐదు వందలతో వదిలించుకున్నాం. మా ఆవిడ ఆ పూట అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. చేపల కూర మాత్రం అద్భుతం, ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు బజార్లో ప్రభుత్వ బస్సు ఎక్కాం. మనిషికి 20 రూపాయలు. కాళ్ళ దగ్గర ఎవరివో అరటి గెలలు, ముందు సీట్లో గలగలా బెంగాలీ. కండక్టర్ డబ్బులు తీసుకుంటూనే, తిరుగు బస్సు ఎన్నింటికో వేళ్ళతో చూపించి మరీ చెప్పాడు. బస్సులో ఒకటే ఇబ్బంది, సూర్యాస్తమయం దాకా ఉండాలంటే అది పనికిరాదు. దానికి స్కూటరే గతి. మాకు రోజుకు 500 పడింది, పెట్రోల్ మనదే, లైసెన్స్ దగ్గరుంచుకోవాలి. "నేను ఎక్కనంటే ఎక్కను" అన్న అత్తయ్యగారు కాలాపత్థర్ దాకా వెళ్ళొచ్చాక, బావమరిదిని ఇంకో రౌండ్ తిప్పమన్నారు.

పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) నుంచి హావ్‌లాక్ వచ్చే ఓడల్లో ప్రైవేటుది గంటన్నరలో చేరుస్తుంది. ఏసీ, అద్దాలు బిగించేసి ఉంటాయి, మాకు మనిషికి 1,450 పడింది. తిరుగు ప్రయాణంలో ఎక్కిన ప్రభుత్వ ఓడ రెండున్నర గంటలు తీసుకుంది, ఖర్చు అందులో సగం కూడా కాలేదు, పైగా డెక్ మీద గాలికి నిలబడొచ్చు. టికెట్ దొరకడమే కష్టం, ముందే చూసుకోండి. దగ్గర్లోని నీల్ చిన్న దీవి, తిరగడానికి సైకిల్ చాలు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కడి చిడియా టాపు బీచ్‌కు హోటల్ వాళ్ళు కారుకు 1,800 చెప్తే, బస్టాండ్ దగ్గర టీ కొట్టాయన "అంత డబ్బెందుకండీ, బస్సుంది కదా" అని తెలుగులోనే కసిరి, ఏ బస్సో చూపించాడు.