నెగటివ్ నుంచా, పాత ప్రింటు నుంచా?

పిల్లాజెల్లాతో చూసే సైన్స్ ఫిక్షన్ అంటే నెల్లూరోళ్లకి ముందు గుర్తొచ్చేది ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ (1991). ఆ కాలపు 35 ఎంఎం సినిమాలని బ్లూరేకి తేవాలంటే దారులు రెండు: కెమెరాలో తిరిగిన ఒరిజినల్ నెగటివ్, లేదంటే హాల్లో ఆడిన పాత ప్రింటు.

ఒరిజినల్ నెగటివ్ బాగుంటే ఇంకో ఆలోచన వద్దు. 4కె స్కాన్‌లో చీకటి సీన్లలోనూ వివరం దక్కుతుంది. చిక్కల్లా ట్రిక్ షాట్లతోనే. ఆప్టికల్ ప్రింటర్‌లో (ఒక ఫిల్ముని ఇంకో ఫిల్ము మీదకి ఫోటో తీసే మెషీన్) మళ్లీ తీసినవి కాబట్టి గ్రెయిన్ (బొమ్మలో కనిపించే సన్న రేణువులు) ఎక్కువ, పదును తక్కువ. పక్క షాట్లతో కలిపేద్దామని ఆ గ్రెయిన్ చెరిపే నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడితే మొహాలు మైనం బొమ్మలైపోతాయి. సౌండ్ నెగటివ్ వేరేగా వెతకాలి.

కావలిలోనో ఒంగోలులోనో పాత హాల్లో ప్రింటు దొరికితే సౌండ్ ట్రాక్ దాని అంచునే ఉంటుంది. కానీ నీడలు నల్లగా మూసుకుపోతాయి, రీలు చివర కుడి పైమూలన చేంజోవర్ చుక్కలుంటాయి (తర్వాతి రీలుకి మారమని ఆపరేటర్‌కి గుర్తు). గీత నల్లగా ఉంటే బేస్ (ఫిల్ము అడుగు ప్లాస్టిక్) మీదిది, ఫిల్ముని ద్రవంలో తడిపి స్కాన్ చేసే వెట్ గేట్‌లో చాలావరకు పోతుంది. ఆకుపచ్చగా ఉంటే ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) లేచిపోయినట్టే, ఫ్రేము ఫ్రేమూ దిద్దాలి. మన సముద్రపు తేమ ఎసిటేట్ అనే ప్లాస్టిక్ బేస్ ఉన్న ఫిల్ముకి పడదు. డబ్బా తీయగానే వెనిగర్ వాసన కొడితే ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది. పళ్లచక్రాల మెషీన్‌కి ఎక్కిస్తే అంచు రంధ్రాలు చిరుగుతాయి, రోలర్ల స్కానరే వాడాలి.

నెగటివ్ ఉన్నా ప్రింటు పారేయొద్దు, రంగులు సరిచూసుకోడానికి పనికొస్తుంది. ఎర్రబడిపోయిన ప్రింటుని మాత్రం రంగు విషయంలో నమ్మొద్దు.